నాన్నకి ఒక్కసారి కూడా ఇవ్వని అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌కి కల్చర్‌లో ‘ఆర్’ ఎలా వచ్చింది?

కవిటి_బయాలజీ:

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, కవిటి మండలం. జెడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. నాన్నకి 67 ఏళ్లు. మా వైపు చాలామందికి ఉన్నట్టే ఆయనకీ కిడ్నీ జబ్బు ఉంది. క్రియాటినిన్ మూడు దగ్గర నడుస్తోంది, డయాలసిస్ దాకా రాలేదు. వేసవిలో జీడితోటలో జారిపడి తుంటి ఎముక విరిగితే విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. కొన్నాళ్లు ఐసీయూలో ఉంచారు, యూరిన్ పైపు వేశారు. డిశ్చార్జి రోజున కూడా ఆ పైపు తీయలేదు, ఎప్పుడు తీయించాలో కాగితం మీద ఎక్కడా రాయలేదు. ఇంటికొచ్చిన కొద్ది రోజులకే చలిజ్వరం పట్టుకుంది. ఇప్పుడు శ్రీకాకుళంలో చేర్చాం.

నిన్న యూరిన్ కల్చర్ (మూత్రంలో ఏ సూక్ష్మజీవి పెరుగుతోందో, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) రిపోర్టు వచ్చింది. క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా, మిల్లీలీటరుకి లక్షకు పైగా. కింద పట్టికలో యాంపిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్, సిప్రోఫ్లాక్సాసిన్, జెంటామైసిన్, అమికాసిన్, మెరోపెనెం అన్నిటికీ ఎదురుగా ‘ఆర్’, అంటే ఆ మందుకి లొంగదని. కోలిస్టిన్ ఒక్కదానికే ‘ఐ’ (మధ్యస్థం) అని ఉంది, ‘ఎస్’ (లొంగుతుంది) కాదు. ఆపరేషన్‌కి ముందు చేసిన కల్చర్‌లో ఈ.కోలై వచ్చింది, అప్పుడు మెరోపెనెం, అమికాసిన్ రెండూ ‘ఎస్’.

నాకు అంతుపట్టనిది ఇది. కిడ్నీలు పాడవుతాయని డాక్టర్లు నాన్నకి అమికాసిన్ ఎప్పుడూ ఇవ్వలేదు. పాత చీటీలన్నీ తిరగేసి చూశాను. ఒంట్లోకి వెళ్లని మందుకి నిరోధకత ఎలా వస్తుంది? ఉత్పరివర్తన, సహజ ఎంపిక నేను పిల్లలకి చెప్పే పాఠాలే. లక్షల కణాల్లో ఒకటి మారడం, మందుకి అది మిగిలిపోవడం అర్థమవుతుంది. కానీ ఒకదానికొకటి పోలికలేని అయిదారు మందులకి, అదీ ఇంత తొందరగా?

వార్డులో పక్క మంచం ముసలమ్మ “ఒళ్లు మందులకి అలవాటు పడిపోనాదమ్మా, ఇంకేటి పనిసేత్తాది” అంటోంది. అమ్మ అయితే తనవల్లే అని ఏడుస్తోంది. రెండేళ్ల కిందట జ్వరం తగ్గగానే నాన్న చేత సిప్రో మాత్రలు మాన్పించేసిందట. ఆవిడకి ఏం చెప్పాలో తెలిసి చెప్పాలని అడుగుతున్నాను.

చీపురుపల్లి_మెడికల్స్:

అమ్మా, నాన్నగారు త్వరగా కోలుకోవాలి. అమ్మగారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు గానీ కోర్సు మధ్యలో ఆపేయడం పెద్ద సమస్యే. 2014 నించి మందుల అమ్మకం మీద షెడ్యూల్ హెచ్1 అనే నియమం ఉంది. సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెం లాంటివి చీటీ లేకుండా అమ్మకూడదు, రిజిస్టర్‌లో రోగి పేరు, డాక్టరు పేరు రాసి మూడేళ్లు ఉంచాలి. అట్ట మీద ఎర్రగీత ఉన్న మందు చీటీ లేకుండా అడగొద్దని కౌంటరు దగ్గర కాగితం అంటించాను. అయినా రోజూ “రెండు మాత్రలు ఇవ్వండి, సాలు” అనేవాళ్లే. ఇవ్వనంటే పక్క షాపుకి పోతారు. ఇలా వాడి వాడే ఇక్కడిదాకా వచ్చింది.

కల్చర్_బెంచి_బొబ్బిలి:

టీచరుగారూ, నేను బొబ్బిలి మనిషిని. విజయనగరంలో ఒక ల్యాబులో మైక్రోబయాలజీ చూస్తాను. మీ నాన్నగారిలాంటి రిపోర్టు మీద సంతకం పెట్టని వారం ఉండదు. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు అమ్మగారికి చెప్పండి, ఇది ఆవిడ చేసింది కాదు. రెండేళ్ల కిందట సిప్రో ఆపినంత మాత్రాన మెరోపెనెంని విరగ్గొట్టే జన్యువు పుట్టదు. ముసలమ్మగారు అన్నట్టు అలవాటు పడింది నాన్నగారి ఒళ్లూ కాదు. మారింది సూక్ష్మజీవి, అదీ చాలావరకు ఆయన ఒంట్లో చేరకముందే. మీరు రాసిందాంట్లోనే ఆధారం ఉంది. అప్పుడు ఈ.కోలై, ఇప్పుడు క్లెబ్సియెల్లా. పాతది ముదిరి ఇలా తయారవలేదు, ఇది వేరే జాతి. ఐసీయూ రోజుల్లో ఎవరి చేతుల మీదుగానో, ఏ పరికరం మీదుగానో పేగుల్లోకి చేరి, అక్కణ్నించి పైపు పట్టుకుని మూత్రాశయంలోకి పాకి ఉంటుంది. చీపురుపల్లి మిత్రులు చెప్పింది ఊరి మొత్తానికి నిజం. విచ్చలవిడిగా వాడితే ఇలాంటివి పెరుగుతాయి. కానీ ఈ ఒక్క మనిషి కేసుకి ఆ లెక్క సరిపోదు.

మా బెంచి మీద ఇది ఎలా కనిపిస్తుందో చెప్తాను. బ్యాక్టీరియాని పెంచే మాక్‌కాంకీ ప్లేటు మీద క్లెబ్సియెల్లా గులాబీ రంగులో, ఉబ్బెత్తుగా, తడితడిగా పెరుగుతుంది. లూపు (సన్నటి తీగ ఉంగరం) ఆనించి పైకెత్తితే కొన్ని తీగలా సాగుతాయి. దాన్ని ముల్లర్ హింటన్ అనే ఇంకో రకం ప్లేటు మీద పరిచి మందు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి ఖాళీ వస్తుంది. ఇలాంటి కేసుల్లో మర్నాడు పొద్దున చూస్తే మెరోపెనెం బిళ్ల అంచు దాకా పచ్చిక పరిచినట్టు పెరిగి ఉంటుంది. అదే ప్లేటులో ఇంకో మెరోపెనెం బిళ్ల మీద ఈడీటీఏ అనే రసాయనం చుక్క వేసి పెడతాం. చాలాసార్లు దాని చుట్టూ మాత్రం చక్కగా ఖాళీ తెరుచుకుంటుంది. ఎందుకంటే మెరోపెనెంని విరగ్గొట్టే ఎన్‌డీఎం అనే ఎంజైము పనిచేయడానికి జింకు కావాలి, ఈడీటీఏ ఆ జింకుని లాగేసుకుంటుంది. జింకు పోగానే ఎంజైము పనికిరాకుండా పోతుంది. ఎన్నిసార్లు చూసినా నేను ఆ ప్లేటు దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. ఎంజైముని ఆపే దారి కళ్లెదుటే కనిపిస్తుంది, కానీ ఈడీటీఏని ఇలా మందుగా మనిషికి ఎక్కించలేం.

పెన్సిలిన్ నించి మెరోపెనెం దాకా ఈ కుటుంబం మందులన్నిటిలో బీటా-లాక్టం అనే నాలుగు మూలల వలయం ఉంటుంది. బ్యాక్టీరియా గోడ కట్టే ప్రొటీన్లకి అది అతుక్కుని పని ఆపుతుంది. బీటా-లాక్టమేజ్ ఎంజైములు ఆ వలయాన్నే తెంపేస్తాయి. సెఫ్ట్రియాక్సోన్‌ని తెంపేవాటిలో మన దేశంలో బాగా పాతుకుపోయింది సీటీఎక్స్-ఎం-15. అది మెరోపెనెంని ఏమీ చేయలేదు కాబట్టే డాక్టర్లు మెరోపెనెం మీద ఆధారపడ్డారు. తర్వాత ఎన్‌డీఎం-1 వచ్చింది. భారత మూలాలున్న ఒక రోగి మన దేశంలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్ తిరిగి వెళ్లాక, 2008లో అక్కడ అతని మూత్రంలోని క్లెబ్సియెల్లాలో దీన్ని గుర్తించారు. అదే రోగి మలంలో దొరికిన ఈ.కోలైలో కూడా అదే జన్యువు ఉంది. రెండు వేరువేరు జాతులు, ఒకే జన్యువు. మీ ప్రశ్నకి జవాబు అక్కడుంది.

మీరు పాఠంలో చెప్పేది తల్లి కణం నించి పిల్ల కణానికి వెళ్లే వారసత్వం. బ్యాక్టీరియాకి దానితో పాటు పక్కదారి ఇంకోటుంది. ప్రధాన క్రోమోజోము కాకుండా ప్లాస్మిడ్ అనే చిన్న గుండ్రటి డీఎన్‌ఏలు ఉంటాయి. ప్లాస్మిడ్ ఉన్న కణం పైలస్ అనే సన్నటి నాళంతో పక్క కణాన్ని దగ్గరికి లాక్కుని, ఒక పోగుని అటు పంపుతుంది. రెండు వైపులా రెండో పోగు తయారవుతుంది. ఇచ్చినదాని దగ్గరా ఉంటుంది, పుచ్చుకున్నదాని దగ్గరా ఉంటుంది. మీకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే, పరీక్ష ముందు ఒక కుర్రాడు ఒక్క ప్రశ్నకి జవాబు అడిగితే పక్కవాడు తన నోట్సు మొత్తం జిరాక్స్ తీసిచ్చినట్టు. ఆ నోట్సులో అమికాసిన్ పేజీ కూడా ఉంది.

అమికాసిన్, జెంటామైసిన్ బ్యాక్టీరియా రైబోజోముకి అతుక్కుని ప్రొటీన్ తయారీని చెడగొడతాయి. ఆర్మ్-ఏ, ఆర్‌ఎంటీ-బీ లాంటి జన్యువులు తయారుచేసే ఎంజైము రైబోజోములోని 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ మీద, సరిగ్గా ఆ మందు కూర్చునే చోట, ఒక మిథైల్ గుంపు తగిలిస్తుంది. ఆ తర్వాత ఎంత డోసు ఇచ్చినా మందుకి అక్కడ చోటు ఉండదు. ఈ జన్యువులు చాలాసార్లు ఎన్‌డీఎం ఉన్న ప్లాస్మిడ్ మీదే కూర్చుని ఉంటాయి. ఇప్పుడు ఐసీయూ ఊహించుకోండి. అక్కడ మెరోపెనెం ఎక్కువ. మెరోపెనెంకి ఎన్‌డీఎం ఉన్నవి బతుకుతాయి, వాటితో పాటు అమికాసిన్ నిరోధక జన్యువూ బతుకుతుంది, అమికాసిన్ ఎవరికీ ఒక్క చుక్క ఎక్కించకపోయినా సరే. మీ నాన్నగారి పాత చీటీల్లో ఆ మందు కనిపించకపోవడంలో వింత లేదు. ఒక మందు వాడితే మిగతా వాటి నిరోధకత కూడా పెరగడం అనే ఈ సంగతి జనానికి చేరనే లేదని నా బాధ. “మేం ఆ మందు వాడలేదు కదా” అని చదువుకున్నవాళ్లు కూడా అడుగుతారు.

ఇది కొత్తగా కనిపెట్టిందీ కాదు. జపాన్‌లో 1950ల్లో జిగట విరేచనాల షిగెల్లా ఒకేసారి సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ నాలుగింటికీ లొంగకుండా పోయింది. ఆ నాలుగు నిరోధకతలూ కలిసికట్టుగా షిగెల్లా నించి ఈ.కోలైకి వెళ్తున్నాయని 1959 నాటికే అక్కడివాళ్లు చూపించారు.

మందు ఆపేస్తే ఈ ప్లాస్మిడ్ వదిలిపోతుందా అని మీ తర్వాతి ప్రశ్న అయి ఉంటుంది. అంత తేలిగ్గా పోదు. చాలా ప్లాస్మిడ్లు ఒక విషాన్నీ దానికి విరుగుడునీ జంటగా తయారుచేయిస్తాయి. విషం చాలాసేపు నిలుస్తుంది, విరుగుడు త్వరగా కరిగిపోతుంది. విభజనలో ప్లాస్మిడ్ అందని పిల్ల కణంలో విరుగుడు అయిపోయి, మిగిలిన విషం దాన్ని చంపేస్తుంది, లేదా పెరగనివ్వదు.

ఈ జన్యువులు అసలు ప్లాస్మిడ్ మీదకి ఎక్కింది ఎలాగంటే, దూకే డీఎన్‌ఏ ముక్కలున్నాయి. సీటీఎక్స్-ఎం రకం జన్యువులు మొదట క్లుయివెరా అనే, మనిషికి అరుదుగా తప్ప హాని చేయని బ్యాక్టీరియా క్రోమోజోములో ఉండేవి. ఐఎస్ఈసీపీ1 అనే ముక్క సీటీఎక్స్-ఎం-15 జన్యువుకి ముందు చేరి దాన్ని ప్లాస్మిడ్ మీదకి మోసుకొచ్చింది, అంతటితో ఆగకుండా తనలోని ప్రమోటరుతో (జన్యువుని పనిచేయించే మీటలాంటిది) ఆ జన్యువు గట్టిగా పనిచేసేలా చేసింది. మనం మందులు కనిపెట్టకముందు నించీ నేలలో బ్యాక్టీరియా, బూజులు ఒకదానిమీద ఒకటి ఇలాంటి రసాయనాలు వదులుకుంటూనే ఉన్నాయి. నిరోధక జన్యువులు అప్పటివి. పెన్సిలిన్ ఇంకా వైద్యంలోకి రాకముందే, 1940లో, దాన్ని ధ్వంసం చేసే ఎంజైముని ఈ.కోలైలో చూశారు.

మీ పాఠంలో ఉన్న పద్ధతి కూడా ఇదే రిపోర్టులో ఉంది. సిప్రో ‘ఆర్’ ఎక్కువగా అలాగే వస్తుంది. డీఎన్‌ఏ మెలికలు విప్పే జైరేజ్ ఎంజైములో 83వ స్థానంలోని సెరీన్ మారిపోతే మందు సరిగా పట్టుకోదు. అది క్రోమోజోములో వచ్చే మామూలు ఉత్పరివర్తన, తల్లి నించి పిల్లకే వెళ్తుంది. అంటే ఒకే కణంలో సొంతంగా వచ్చిన మార్పూ, పక్కవాళ్ల దగ్గర పుచ్చుకున్న జన్యువులూ కలిసి ఉన్నాయి. వీటికి తోడు కొన్ని క్లెబ్సియెల్లాలు పైపొరలోని ఓఎంపీకే35, 36 అనే రంధ్రాలు తగ్గించుకుని మందు లోపలికి రావడమే కష్టం చేస్తాయి.

రిపోర్టు విషయంలో రెండు మాటలు. యాంపిసిలిన్ ‘ఆర్’ చూసి బెంగపడకండి, క్లెబ్సియెల్లాకి అది పుట్టుకతోనే ఉంటుంది. కోలిస్టిన్ ‘ఐ’ చూసి కూడా సగం పనిచేస్తుందని అర్థం చేసుకోకండి. 2020 నించి, ల్యాబులు పాటించే సీఎల్‌ఎస్‌ఐ ప్రమాణాల్లో కోలిస్టిన్‌కి ‘ఎస్’ అనే గడే తీసేశారు, మంచి ఫలితం వచ్చినా ‘ఐ’ అనే రాస్తాం. మామూలు డోసుల్లో దాని పనితనం మీద అంత నమ్మకం లేకపోవడం, కిడ్నీల మీద దాని దెబ్బ, ఈ రెండూ డాక్టరు గుర్తుంచుకోవాలని అలా పెట్టారు. కోలిస్టిన్‌కి బిళ్ల పరీక్ష చెల్లదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్‌తో (మందుని ద్రవంలో పలచన చేస్తూ చూసే పద్ధతి) ఎంఐసీ, అంటే పెరుగుదలని ఆపే కనీస మోతాదు, చూశారా అని ల్యాబుని అడగండి.

మీ నాన్నగారి విషయంలో నాకు భయమంతా ఇక్కడే. మిగిలిన మందు కోలిస్టిన్ కిడ్నీని కొట్టేది, ఆ కిడ్నీ ఇప్పటికే సగానికి పైగా పోయింది. ఉద్దానం మనుషులకి ఈ నిరోధకత మిగతావాళ్లకంటే ఎక్కువ నష్టం చేస్తుంది. నైట్రోఫ్యూరంటాయిన్ మాత్రలు ఇద్దామన్నా కిడ్నీ బాగా పనిచేయకపోతే అది మూత్రంలోకి చాలినంత చేరదు. డాక్టరుగారిని ఒక మాట అడగొచ్చు: సెఫ్టాజిడిమ్-అవిబాక్టం, అజ్ట్రియోనామ్ కలిపి ఇచ్చే వీలుందా అని. అజ్ట్రియోనామ్‌ని ఎన్‌డీఎం తెంపలేదు, కానీ సీటీఎక్స్-ఎం తెంపుతుంది. సీటీఎక్స్-ఎంని అవిబాక్టం ఆపుతుంది. ఖర్చు ఎక్కువ, కిడ్నీని బట్టి డోసు తగ్గించాలి, నిర్ణయం ఆయనదే.

స్టాఫ్‌నర్స్_రాజాం:

బొబ్బిలి మేడమ్ అంతా చెప్పారు, నాది ఒకటే. ఆ శాంపిల్ ఎక్కడ నించి తీశారో కనుక్కోండి అక్కా. బ్యాగులోంచి తీసుంటే దానికి విలువ లేదు, బ్యాగులో నిలవున్న మూత్రంలో ఏవైనా పెరుగుతాయి. రెండు వారాలు దాటిన పైపు లోపలి గోడకి జిగురు పొరలా బయోఫిల్మ్ కట్టేసి ఉంటుంది. పాత పైపు తీసేసి, ఇంకా అవసరమైతే కొత్తది వేసి, దాని పోర్టు స్పిరిట్‌తో తుడిచి సిరంజీతో తీయాలి. అసలు పైపు అక్కర్లేకపోతే తీయించేయడమే మంచిది. ఎంత మంచి మందైనా ఆ పొరలోకి సరిగా దిగదు. రోజూ డాక్టరుగారు రౌండ్స్‌కి రాగానే “పైపు ఇంకా కావాలా సార్” అని అడగండి, మొహమాటపడకండి. మంచం పక్కన నించునేవాళ్లు ముట్టుకునే ముందూ తర్వాతా చేతికి శానిటైజర్ రాసుకోవాలి, ఇంటివాళ్లయినా సరే.

భావనపాడు_చెరువులు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నాకు రొయ్యల చెరువులున్నాయి. కోలిస్టిన్ అన్న పేరు మేత మందుల్లో విన్నట్టు గుర్తు. అదీ ఇదీ ఒకటేనా?

కల్చర్_బెంచి_బొబ్బిలి:

ఒకటేనండి. 2019 జులైలో కేంద్రం కోళ్లకి, పశువులకి, ఆక్వాకి, మేతలో కలపడానికి కోలిస్టిన్ తయారీ, అమ్మకం నిషేధించింది. ఎవరైనా గ్రోత్ ప్రమోటర్ అని పొడి తెచ్చిస్తే లేబుల్ చదవండి, లేబుల్ లేకపోతే అసలు తీసుకోకండి. 2015లో చైనాలో పందుల్లో ఎంసీఆర్-1 అనే జన్యువు దొరికింది, అది కోలిస్టిన్ నిరోధకతని ప్లాస్మిడ్ మీద మోస్తుంది. మన ఆసుపత్రుల క్లెబ్సియెల్లాలో ఎక్కువగా చూసేది వేరే దారి. ఎంజీఆర్-బీ అనే జన్యువులోకి దూకే ముక్క ఒకటి వచ్చి పడి దాన్ని చెడగొడుతుంది, దాంతో పైపొర విద్యుదావేశం మారి కోలిస్టిన్ అతుక్కోదు. దారి ఏదైనా ఆ చివరి మందుని కాపాడుకోవాలి. మీరు అడిగినందుకు నిజంగా సంతోషం.

కవిటి_బయాలజీ:

అందరికీ చాలా కృతజ్ఞతలు. రాజాం చెల్లెలు చెప్పినట్టు అడిగితే, మొదటి శాంపిల్ బ్యాగులోంచే తీశారని తేలింది. వెంటనే పైపు మార్చి మళ్లీ పంపారు. కొత్తదాంట్లో కూడా క్లెబ్సియెల్లానే, కానీ ఈసారి ల్యాబువాళ్లు ఎన్‌డీఎం ఉందని కూడా రాసిచ్చారు. డాక్టరుగారు ఆ రెండు మందులూ కలిపి మొదలుపెట్టారు, కిడ్నీ చూసుకుని డోసు తగ్గించారు. చలి ఆగింది. జ్వరం ఇంకా పూర్తిగా దిగలేదు. అమ్మకి మేడమ్ రాసింది చదివి వినిపించాను, “నిజంగా నావల్ల కాదా” అని రెండుసార్లు అడిగి, అప్పుడు అన్నం తింది.

ఇంకొక్కటి. ఇంట్లో మా బాబుకి ఆరేళ్లు. తాతని వదలడు. ఇంటికి తీసుకెళ్లాక వాడికి అంటుకుంటుందా?

కల్చర్_బెంచి_బొబ్బిలి:

బాబుని తాత దగ్గరికి వెళ్లనివ్వండి, పెద్దాయనకి అదే బలం. ఈ క్లెబ్సియెల్లా గాలిలో రాదు, చేతుల మీద వస్తుంది. తాత దగ్గర్నించి లేవగానే, తినే ముందూ సబ్బుతో చేతులు కడిగించండి. ఒకవేళ వాడి పేగుల్లోకి చేరినా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలావరకు ఏ జబ్బూ చేయకుండా ఉంటుంది. దానికి మందు వేయకూడదు, వేస్తే మంచి బ్యాక్టీరియా పోయి ఇదే నిలదొక్కుకుంటుంది.

నాన్నగారి పేగుల్లో మాత్రం ఇది నెలల తరబడి ఉండొచ్చు. జ్వరం, మంట ఏమీ లేకుండా ఊరికే కల్చర్ చేయిస్తే మళ్లీ ఇదే రావచ్చు. లక్షణాలు లేకపోతే ఆ రిపోర్టుకి వైద్యం చేయించకండి, కల్చర్ కూడా ఊరికే చేయించకండి. పైపు ఇంకా ఉంటే బ్యాగు ఖాళీ చేసేవాళ్లు చేతికి తొడుగు వేసుకోవాలి. మూత్రం మరుగుదొడ్లోనే పోయాలి, పెరట్లో కొబ్బరి మొదట్లోనో బావి గట్టునో కాదు. ఢిల్లీలో రోడ్డు మీద నిలిచిన నీళ్లలోనూ, కొన్ని కుళాయి నీళ్లలోనూ ఎన్‌డీఎం జన్యువు దొరికిందని 2011లో ఒక అధ్యయనం బయటపెట్టింది.

ఆ కొత్త రిపోర్టు కాపీ ఆయన కిడ్నీ ఫైలులో పైన పెట్టండి. రేపు డయాలసిస్ అవసరమైనా, వేరే ఆసుపత్రికి మార్చినా, చేర్చుకునే ముందే అది చూపించి “ఎన్‌డీఎం ఉన్న క్లెబ్సియెల్లా వచ్చింది” అని నోటితో కూడా చెప్పండి. అప్పుడు వాళ్లు వేరే మంచం, వేరే బీపీ పట్టీ కేటాయిస్తారు. జ్వరమొస్తే మొదటి ఇంజెక్షన్ మెరోపెనెం పెట్టి మూడు రోజులు పోగొట్టుకోరు. జ్వరం దిగాక ఇక్కడ ఒక మాట రాయండి, చూస్తుంటాను.